డిష్‌లో వైరస్‌ను ఆపిన క్లోరోక్విన్ మనిషిలో ఎందుకు ఆపలేదు? (కరోనా కణంలోకి వెళ్లే దారుల మీద చర్చ)

జువాలజీ మేడమ్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. వైరస్‌ల పాఠం వచ్చినప్పుడల్లా నేను బోర్డు మీద గీసే బొమ్మ ఒకటే. గుండ్రంగా వైరస్, చుట్టూ ముళ్లు. పక్కన కణం, దాని మీద ఏసీఈ2 అనే తాళం. ముల్లేమో తాళంచెవి. చెవి పట్టింది, తలుపు తెరుచుకుంది, వైరస్ లోపలికి పోయింది. బెల్లు కొట్టేలోపు అయిపోతుంది, పిల్లలకీ గుర్తుంటుంది.

ఈసారి వెనక బెంచీ నుంచి ఒకమ్మాయి లేచింది. "మేడమ్, 2020లో ప్రయోగశాలలో క్లోరోక్విన్ అనే మలేరియా మందు వేస్తే కణాల్లో వైరస్ ఆగిపోయిందన్నారట కదా. మరి రోగులకిస్తే ఎందుకు పనిచేయలేదు? మనిషిలో తాళం వేరా?"

తాళం అదేనమ్మా అన్నాను. ఆ తర్వాత ఏం చెప్పాలో తోచలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. ఆ రేపు వచ్చి మూడు రోజులైంది. మందు మోతాదు చాల్లేదు, ఆలస్యంగా ఇచ్చారు లాంటి జవాబులు ఇంటర్నెట్‌లో బోలెడు దొరికాయి కానీ నాకే నమ్మకం కుదరలేదు. కణం లోపల అసలు ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ల్యాబ్‌కోటు

మేడమ్, ఆ అమ్మాయి సరిగ్గా పట్టుకోవాల్సిన చోటే పట్టుకుంది. మీ బొమ్మలో తలుపు ఒక్కటే ఉంది, చిక్కు అక్కడే.

ముల్లు ఏసీఈ2ని పట్టుకుంటే వైరస్ కణానికి అతుక్కుంటుంది, అంతవరకే. వైరస్ చుట్టూ ఒక కొవ్వు పొర, కణం చుట్టూ ఒక కొవ్వు పొర. ఈ రెండూ కలిసి ఒకటైతే గానీ లోపలున్న ఆర్‌ఎన్‌ఏ (వైరస్ జన్యు పదార్థం) కణంలోకి జారదు. ముల్లులో ఎస్1, ఎస్2 అని రెండు భాగాలుంటాయి. ఎస్1 పని పట్టుకోవడం. ఎస్2 బిగించి పెట్టిన స్ప్రింగు, పొరల్ని కలిపేది అదే. ఆ స్ప్రింగు విడివడాలంటే ముల్లును ఫలానా చోట కత్తిరించాలి. కత్తెర మాత్రం వైరస్ దగ్గర లేదు. కణానిదే వాడుకోవాలి.

ఆ కత్తెరలు కణంలో రెండు చోట్ల దొరుకుతాయి. ఒకటి కణం పైపొర మీదే, ఏసీఈ2కి దగ్గర్లో ఉండే టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే ఎంజైమ్ (నోరు తిరగక మేం 'టెంప్రెస్' అనేస్తాం). అది కత్తిరిస్తే వైరస్ గుమ్మం దగ్గరే పొర కలిపేసుకుని లోపలికి పోతుంది. పైన టెంప్రెస్ లేకపోతే కణం వైరస్‌ను ఎండోజోమ్ అనే చిన్న సంచిలో పెట్టి లోపలికి మింగుతుంది. సంచి లోపలికి వెళ్లేకొద్దీ ఆమ్లత్వం పెరుగుతుంది. అక్కడ కాథెప్సిన్ ఎల్ అనే రెండో కత్తెర ఉంటుంది. దానికి పదును రావాలంటే ఆమ్లం కావాలి.

ఇప్పుడు క్లోరోక్విన్ సంగతి. అది ఆ సంచుల్లో చేరి ఆమ్లత్వం తగ్గిస్తుంది. కాథెప్సిన్ మొద్దుబారుతుంది, సంచి దారి మూసుకుపోతుంది. తొలి ప్రయోగాలు ఎక్కువగా చేసింది వీరో కణాల్లో. 1962లో జపాన్‌లో ఆఫ్రికన్ గ్రీన్ మంకీ మూత్రపిండం నుంచి తీసిన కణాల సంతతి అది. వీటిలో టెంప్రెస్ దాదాపు ఉండదు, అంటే వైరస్‌కు సంచి దారి ఒక్కటే గతి. దాన్ని మూసేస్తే వైరస్ ఆగక ఏం చేస్తుంది? మనిషి శ్వాసనాళాల కణాల్లో మాత్రం టెంప్రెస్ కావలసినంత ఉంది. పెరటి తలుపుకు గడియ పెట్టి వీధి తలుపు బార్లా తెరిచిన ఇల్లు ఊహించుకోండి.

2020లోనే కాలు-3 అనే మనిషి ఊపిరితిత్తుల కణాల్లో ఇదే మందు వేసి చూశారు. వైరస్ ఆగలేదు. ఆ ఏడాది జూన్‌లో బ్రిటన్‌లో 'రికవరీ' పేరుతో రోగుల మీద జరిగిన ట్రయల్ కూడా, దీని దగ్గరి చుట్టమైన హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ఆస్పత్రి రోగుల మరణాలు తగ్గలేదని తేల్చింది.

తిక్కప్రశ్న

అన్నా సూపర్. నాదో డౌటు, నేను సాఫ్ట్‌వేర్‌వాణ్ని, బయాలజీ పదో తరగతితో వదిలేశా. మన కణాలు వైరస్‌కు పనికొచ్చే కత్తెరలు గుమ్మం మీద ఎందుకు పెట్టుకున్నాయి? సెక్యూరిటీ హోల్ కదా అది. వైరస్ మామూలు తెలివైంది కాదు, దాన్ని కనిపెట్టి మరీ వాడుకుంటోంది.

ల్యాబ్‌కోటు

ఆ 'తెలివి' అనే మాట దగ్గర నాకు పేచీ ఉంది. కత్తెరలు మన అవసరానికి ఉన్నవి. ఉదాహరణకు ఫ్యూరిన్ అని ఇంకో ఎంజైమ్ ఉంది. మన శరీరంలో చాలా ప్రొటీన్లు ముందు పొడుగ్గా తయారై, తర్వాత ఫ్యూరిన్ కత్తిరిస్తేనే పనిలోకి దిగుతాయి. సార్స్-కోవ్-2 (కోవిడ్ తెచ్చే వైరస్) ముల్లు మీద ఎస్1కీ ఎస్2కీ మధ్య ఫ్యూరిన్ కత్తిరించగల చిన్న వరస ఉంది. వైరస్ పాత కణంలో తయారవుతుండగానే ఆ మొదటి కోత పడిపోతుంది. కొత్త కణం దగ్గరికి సగం సిద్ధమై వస్తుందన్నమాట. 2003 నాటి సార్స్ వైరస్‌కు ఈ వరస లేదు.

తెలివి కాదని ఎందుకంటున్నానంటే, ఇదే వైరస్‌ను వీరో కణాల్లో తరం మీద తరం పెంచితే ఈ ఫ్యూరిన్ చోటును పారేసుకుంటుంది! అక్కడ వాడేది సంచి దారి కాబట్టి ముందే కోత పడిన ముల్లు అక్కర్లేదు, పైగా త్వరగా ఊడిపోయే బెడద. పొరపాటున ఆ చోటు పోయిన రకాలే అక్కడ ఎక్కువ పెరుగుతాయి. అదే వైరస్‌ను శ్వాసనాళ కణాల్లో వేస్తే చతికిలపడుతుంది. తెలివిగలదైతే రేపటి అవసరానికి దాచుకునేది కదా. కాపీ కొట్టేటప్పుడు తప్పులు దొర్లుతాయి, ఆ కణంలో కుదిరిన తప్పు నిలుస్తుంది.

దీనివల్ల ల్యాబుల్లో పెద్ద తలనొప్పి. ఫ్రీజర్‌లో ఉన్నది రోగిలో తిరిగే వైరసేనా, మన డిష్‌కు అలవాటుపడ్డ దాని తమ్ముడా అని సీక్వెన్స్ చేసి చూసుకోవాలి. ఒకసారి మూడు వారాల పని ఇలాగే నీళ్లలో పోసుకున్నాను. తప్పు నాదే, చూసుకోకుండా పాత సీసా వాడాను. ఇప్పుడు చాలామంది టెంప్రెస్ చేర్చిన వీరో కణాలు వాడుతున్నారు.

ఫార్మా పాతకాపు

ముప్పై ఏళ్లు మందులిచ్చిన చేత్తో రాస్తున్నా, టైపింగ్ తప్పులుంటే క్షమించాలి. 2020లో నన్ను ఎక్కువమంది అడిగింది క్లోరోక్విన్ గురించి కాదు, బీపీ మాత్రల గురించి. ఏసీఈ2 తలుపు అని వార్తల్లో వచ్చింది. వాళ్లు వేసుకునే మాత్ర ఏసీఈ ఇన్‌హిబిటర్. పేర్లు ఒకలా ఉండేసరికి "ఈ మాత్ర తలుపులు పెంచుతుందట" అని భయపడి కొందరు మానేశారు. బీపీ మందు ఉన్నట్టుండి మానేస్తే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఏసీఈ వేరు, ఏసీఈ2 వేరు. ఏసీఈ యాంజియోటెన్సిన్-2 అనే రక్తనాళాలను బిగించే పదార్థాన్ని తయారుచేస్తుంది, మాత్ర దాన్ని అడ్డుకుంటుంది. 2000లో బయటపడ్డ ఏసీఈ2 దానికి ఎదురుపని చేస్తుంది, ఆ యాంజియోటెన్సిన్-2ను విరగ్గొట్టి నాళాలను సడలించే పదార్థంగా మారుస్తుంది. ఏసీఈ మాత్ర ఏసీఈ2 మీద పనిచేయదు. తర్వాత రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రలు ఆపి, ఇంకో గుంపుకు కొనసాగించి చూశారు. కొనసాగించినవాళ్లకు నష్టమేమీ జరగలేదు. అప్పుడు ఊపిరి పీల్చుకున్నాం.

ల్యాబ్‌కోటు తమ్ముడూ, నాదో ప్రశ్న. కరోనా వైరస్‌లన్నీ ఈ ఒక్క తలుపే తడతాయా?

మంచుముక్క

ఇది నేను చెప్తాను. నాది అణువుల్ని గడ్డకట్టించి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఫొటోలు తీసే పని.

అన్నీ తట్టవు. జలుబు తెప్పించే 229ఇ అమైనోపెప్టిడేజ్-ఎన్ అనే ఎంజైమ్‌ను పట్టుకుంటుంది, ఇది 1992లోనే తెలిసింది. ఎలుకల కరోనా వైరస్ పట్టుకునేది ఇంకో ప్రొటీన్‌ను. ఓసీ43 అనే ఇంకో జలుబు వైరస్ పట్టుకునేది ప్రొటీన్‌ను కాదు, కణం మీదుండే ఒక రకం చక్కెర గొలుసు చివరను. హెచ్‌కేయూ1 అనే జలుబు వైరస్ కథ నాకు భలే ఇష్టం. ఇంతసేపూ ల్యాబ్‌కోటు కత్తెర కత్తెర అంటున్న టెంప్రెస్ ఉందే, దాన్నే పిడిగా పట్టుకుంటుందని 2023లో తేలింది.

పాతకాపు గారూ, మీకు నచ్చే ముక్క ఒకటుంది. మెర్స్ అనే ప్రాణాంతక కరోనా వైరస్ పట్టుకునేది డీపీపీ4ని. అవును, షుగర్‌కి మీరిచ్చే గ్లిప్టిన్ మాత్రలు అడ్డుకునే ఎంజైమే! 2013లో ఈ సంగతి బయటపడగానే మరి గ్లిప్టిన్ వేస్తే మెర్స్ ఆగుతుందా అని అందరికీ వచ్చిన ఆలోచనే పరిశోధకులకీ వచ్చింది. కణాల్లో వేసి చూశారు, ఆగలేదు. మాత్ర వెళ్లి కూర్చునేది ఎంజైమ్ పనిచేసే గుంటలో. వైరస్ పట్టుకునేది బయటి అంచు. ఎంజైమ్ పని ఆపినంత మాత్రాన పిడి మాయం కాదు.

ఎన్‌ఎల్63 అని ఇంకో జలుబు వైరస్ ఉంది. అది పట్టుకునేది కూడా ఏసీఈ2నే! తాళమే సర్వస్వమైతే సార్స్‌కూ దీనికీ తేడా ఉండకూడదు. ఒకటి చాలామందిలో జలుబుతో సరిపెడుతుంది, ఇంకోటి ప్రాణం తీసింది. తలుపు దాటాక జరిగేదాంట్లోనే ఎక్కువ కథ ఉంది.

ఫార్మా పాతకాపు

గ్లిప్టిన్ ముక్క అదిరింది. ఇన్నేళ్లు అమ్మాను, ఈ సంగతి తెలియదు.

జువాలజీ మేడమ్

నా నోట్సు నాలుగు పేజీలయింది. మంచుముక్క గారూ, మీరు ఆ ముల్లును దగ్గరగా చూశారు కదా, నిజంగా అలా గట్టిగా నిక్కబొడుచుకుని ఉంటుందా?

మంచుముక్క

అస్సలు కాదండీ. బొమ్మల్లో మేకుల్లా దిగ్గొట్టినట్టు గీస్తారు. ఊగిసలాడుతుంది. కాడలో మూడు కీళ్లున్నాయి, 2020లో వాటిని చూసినవాళ్లు తుంటి, మోకాలు, చీలమండ అని పేర్లు పెట్టారు. ఒక్కో ముల్లు మూడు ఒకేరకం ప్రొటీన్లు పెనవేసుకున్న ముప్పేట. ఒక్కో పేటకు 22 చోట్ల చక్కెర గొలుసులు వేలాడుతుంటాయి, మొత్తం 66. ఆ చక్కెరలు వైరస్ తయారుచేసినవి కావు, కణం తన ప్రొటీన్లకు తగిలించే రకానివే. యాంటీబాడీలకు పైనుంచి చూస్తే మన సొంత సరుకులానే కనిపిస్తుంది. పొర కూడా కణం నుంచి చింపుకుపోయినదే. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అన్నారా.

ఏసీఈ2ని పట్టుకునే భాగం ఎప్పుడూ బయట పెట్టుకుని తిరగదు. పడగలా కిందికి ముడుచుకుని ఉంటుంది, అప్పుడప్పుడు పైకి లేస్తుంది. లేచినప్పుడే పట్టు దొరుకుతుంది, యాంటీబాడీకి దొరికిపోయేదీ అప్పుడే.

ఎస్2 స్ప్రింగు ఒకసారి విడిస్తే మళ్లీ బిగుసుకోదు. అందుకే టీకా తయారుచేసేటప్పుడు విడవకముందున్న రూపాన్నే శరీరానికి చూపించాలి. ఫైజర్, మోడర్నా టీకాల్లో ముల్లు 986, 987 స్థానాల్లో రెండు ప్రోలిన్లు పెట్టారు. ప్రోలిన్ వంగని అమైనో ఆమ్లం, స్ప్రింగు మడతలో అడ్డుపుల్లలా పనిచేస్తుంది. ఈ కిటుకు మెర్స్ మీద పనిచేసేటప్పుడు ముందే నేర్చుకున్నది. అందుకే 2020లో వెతుక్కోవాల్సిన అవసరం పడలేదు.

రాత్రిడ్యూటీ

నేను ఐసీయూ నర్సుని. వాసన పోవడం గురించి ఎవరూ రాయలేదే? మా దగ్గరికి వచ్చినవాళ్లలో చాలామంది ముందు చెప్పింది అదే. వైరస్ ముక్కులో వాసన నరాల్లోకి దూరి వాటిని చంపేస్తుందనే మేం అందరికీ చెప్పేవాళ్లం.

ల్యాబ్‌కోటు

అక్కా, మొదట్లో మేమూ అలాగే అనుకున్నాం. కానీ వాసన నాడీకణాల్లో ఏసీఈ2 దాదాపు ఉండదు. వాటి చుట్టూ నిలబడి వాటిని సాకే ఆసరా కణాలున్నాయి, ఏసీఈ2, టెంప్రెస్ రెండూ వాటిలో ఉన్నాయి. దెబ్బ తినేది అవి. పందిరి కూలితే తీగ కింద పడ్డట్టు, వాటి మధ్య ఉన్న నాడీకణాల పని చెడుతుంది. ఆ ఆసరా కణాలు మళ్లీ పుట్టుకొస్తాయి. చాలామందికి కొన్ని వారాల్లో వాసన తిరిగి రావడానికి ఇదో కారణమని భావిస్తున్నారు. నాడీకణమే పోతే అంత త్వరగా కోలుకోవడం కష్టం.

రాత్రిడ్యూటీ

ఇన్నాళ్లూ తప్పు చెప్పానన్నమాట. సరే, దిద్దుకుంటా.

తిక్కప్రశ్న

లోపలికి దూరాక? న్యూక్లియస్‌లోకి వెళ్లి మన డీఎన్‌ఏలో కలిసిపోతుందని మా గ్రూపులో ఒకాయన రోజూ ఫార్వర్డ్ పంపుతాడు.

ల్యాబ్‌కోటు

ఆయనకు చెప్పండి, ఈ వైరస్ తన కాపీలు తీసుకునేదంతా కేంద్రకం బయట, కణద్రవ్యంలోనే. డీఎన్‌ఏలో అతుక్కోవడానికి హెచ్‌ఐవీ లాంటివి వెంట తెచ్చుకునే పనిముట్లు దీని దగ్గర లేవు. అవసరం కూడా లేదు. దీని ఆర్‌ఎన్‌ఏ సూటిగా చదివేయదగ్గ భాషలో ఉంటుంది. లోపల పడగానే మన రైబోజోమ్ (కణంలో ప్రొటీన్లు తయారుచేసే యంత్రం) దాన్ని తన సొంత కాగితమే అనుకుని చదవడం మొదలుపెడుతుంది.

మీ భాషలో చెప్పాలంటే తనను తాను విప్పుకునే జిప్ ఫైలు. సుమారు 30,000 అక్షరాలు, ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లలో ఇది చాలా పెద్ద లెక్క. మొదటి మూడింట రెండు వంతులు చదివితే ఒక పొడవాటి ప్రొటీన్ వస్తుంది. మధ్యలో ఆర్‌ఎన్‌ఏ ముడి పడి ఉన్న చోట రైబోజోమ్ ఒక్కోసారి తడబడి ఒక్క అక్షరం వెనక్కి జారుతుంది. జారితే ముందున్న 'ఇక్కడ ఆగు' అనే చుక్క కనిపించదు, ఇంకా పొడుగు ప్రొటీన్ వస్తుంది. జారకపోతే అక్కడితో ఆగుతుంది. ఒకే కాగితంలో రెండు పుస్తకాలన్నమాట.

ఆ పొడుగు ప్రొటీన్‌లో భాగంగానే రెండు కత్తెరలున్నాయి, ఇవి వైరస్ సొంతం. తమను తాము కోసుకుని బయటపడి, మిగతాదాన్ని ముక్కలు చేస్తాయి. 16 పనిముట్లు వస్తాయి. ప్రధాన కత్తెర 11 చోట్ల కోస్తుంది.

తిక్కప్రశ్న

ఒక్క అక్షరం జారితే వేరే ప్రోగ్రామా!! నేను కామా మర్చిపోతే బిల్డే ఆగిపోతుంది 😭

మంచుముక్క

ఆ 16లో మొదటిదాని గురించి ఒక్క నిమిషం. ఎన్‌ఎస్‌పీ1 అంటారు. రైబోజోమ్‌లోకి ఆర్‌ఎన్‌ఏ దారం దూరే సన్నటి కాలువ ఒకటుంది. ఎన్‌ఎస్‌పీ1 తోక సరిగ్గా ఆ కాలువలోకి దూరి బిరడాలా బిగుసుకుంటుంది. 2020లో వచ్చిన ఆ ఫొటోలు చూసి మా బృందంలో అందరం కాసేపు మాట్లాడలేదు, అంత శుభ్రంగా సరిపోయింది. కణం తన ప్రొటీన్లు తయారుచేసుకోలేదు. 'వైరస్ వచ్చింది' అని పొరుగు కణాలకు చాటే ఇంటర్‌ఫెరాన్ కూడా అందులోదే.

మరి వైరస్ ఆర్‌ఎన్‌ఏ కూడా అదే కాలువలోంచి పోవాలి కదా? దాని ప్రతి కాగితం మొదట్లో ఒక చిన్న మెలిక ముద్ర ఉంటుంది. ఆ ముద్ర ఉన్నవాటికి బిరడా అడ్డం కాదు.

రాత్రిడ్యూటీ

ఇది చదువుతుంటే ఒకటి గుర్తొచ్చింది. మా దగ్గర మొదటి వారం బాగానే ఉండి రెండో వారంలో ఒక్కసారిగా దిగజారినవాళ్లు ఉన్నారు. ఆ రాత్రులు మర్చిపోలేను. ఈ ఇంటర్‌ఫెరాన్ ఆగిపోవడానికీ దానికీ సంబంధం ఉందా?

ల్యాబ్‌కోటు

ఉందనే ఆధారాలు చెప్తున్నాయి అక్కా. బిరడా ఒక్కటే కాదు, అలారం తీగలు తెంపే పనివాళ్లు ఇంకా ఉన్నారు. ఓఆర్‌ఎఫ్6 అనే చిన్న ప్రొటీన్ కేంద్రకం ద్వారం దగ్గర కూర్చుని, ఇంటర్‌ఫెరాన్ సందేశం లోపలికి చేరకుండా అడ్డుపడుతుంది. ఇంకో ఎంజైమ్ వైరస్ ఆర్‌ఎన్‌ఏకి మన ఆర్‌ఎన్‌ఏ లాంటి టోపీ తొడుగుతుంది, కాపలాదారు అణువులు చూసినా గుర్తుపట్టకుండా. తొలి అలారం మోగకపోతే వైరస్ ఎదురులేకుండా పెరుగుతుంది. తర్వాత రోగనిరోధక వ్యవస్థ ఆలస్యంగా, అదుపులేకుండా విరుచుకుపడుతుంది. మీరు రెండో వారంలో చూసింది చాలావరకు ఆ రెండో దెబ్బ.

2020లోనే ఇంకో సంగతి తెలిసింది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది రోగుల రక్తం పరీక్షిస్తే 101 మందిలో సొంత ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు దొరికాయి. ఆ 101లో 95 మంది మగవాళ్లు. వైరస్ రాకముందే వాళ్ల అలారానికి తీగ తెగి ఉంది.

రాత్రిడ్యూటీ

థ్యాంక్స్ తమ్ముడూ. ఒకే వయసు, ఒకే ఆరోగ్యం ఉన్న ఇద్దరిలో ఒకరే ఎందుకు పోయారని చాలాసార్లు అనుకున్నాను.

ఫార్మా పాతకాపు

కాపీలు తీసేటప్పుడు తప్పులు దొర్లుతాయన్నారు. 30,000 అక్షరాలు, అన్ని తప్పులతో వైరస్ బతికి బట్టకడుతుందా?

ల్యాబ్‌కోటు

మంచి ప్రశ్న బాబాయ్. మామూలు ఆర్‌ఎన్‌ఏ వైరస్‌లు తప్పులు దిద్దుకోవు, అందుకే వాటి జన్యువు చిన్నగా ఉంటుంది. దీనికి ఎన్‌ఎస్‌పీ14 అనే ప్రూఫ్‌రీడరు ఉన్నాడు. తప్పు అక్షరం పడితే వెనక్కెళ్లి తీసేస్తాడు. అందుకే అంత పెద్ద జన్యువును మోయగలుగుతోంది. కొన్ని మందులు ఓడిపోయిందీ వీడి దగ్గరే. నకిలీ అక్షరం ఇస్తే పీకి పారేస్తాడు. రెమ్‌డెసివిర్ కూడా నకిలీ అక్షరమే, కానీ అది చేరిన వెంటనే గొలుసు ఆగదు. ఇంకో మూడు అక్షరాలు చేరాక యంత్రం ఇరుక్కుంటుంది. అప్పటికి నకిలీ లోపలికి పోయి ఉంటుంది, దిద్దేవాడికి అందదు.

2021 చివర్లో అమెరికాలో వాడకానికి అనుమతి వచ్చిన నిర్మాట్రెల్విర్ అనే మందు అయితే ఆ ప్రధాన కత్తెర నోట్లోనే ఇరుక్కుంటుంది. ఇవి రెండూ వైరస్ సొంత పనిముట్ల మీద దెబ్బ. కణం తలుపుల మీద పెట్టుకున్న ఆశలే పెద్దగా ఫలించలేదు. టెంప్రెస్‌ను ఆపే కామోస్టాట్ కూడా కణాల్లో చక్కగా పనిచేసింది, ఆస్పత్రి రోగులకిచ్చి చూస్తే ఆశించిన లాభం కనబడలేదు.

తిక్కప్రశ్న

ఈ కాపీలన్నీ కణంలో ఎక్కడ తీసుకుంటుంది? బహిరంగంగానా?

మంచుముక్క

దాక్కుని. కణంలోని పొరల్ని లాగి, వంచి, రెండు పొరల బుడగలు కట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌పీ3, 4, 6 అనే ముగ్గురు మేస్త్రీలు. వైరస్ సోకిన కణాన్ని సన్నగా కోసి చూస్తే ఈ బుడగలు గుంపులు గుంపులుగా కనిపిస్తాయి. కాపీలు బుడగ లోపల తీస్తే కాపలాదారులకు కనిపించవు. కానీ రెండు పొరలతో మూసేసిన బుడగలోంచి కాపీ బయటికి ఎలా వస్తుందనేది చాలాకాలం మాకు అంతుచిక్కలేదు. 2020లో ఎలుకల కరోనా వైరస్ సోకిన కణాల్లో ఆ బుడగ గోడకు కిరీటం ఆకారంలో కన్నం ఉన్నట్టు చూశారు. ఆరు ఎన్‌ఎస్‌పీ3లు చుట్టూ కూర్చుని కట్టిన కన్నం.

జువాలజీ మేడమ్

ఈ రోజు క్లాసులో ఆ అమ్మాయికి రెండు దారుల సంగతి చెప్పాను. ముఖం వెలిగిపోయింది. వెంటనే ఇంకోటి అడిగింది: "ఒమిక్రాన్ సంచి దారే ఎక్కువ వాడుతుందట కదా మేడమ్, మరి దానికి క్లోరోక్విన్ పనిచేయాలిగా?" ఈసారి రేపు చెప్తాననలేదు, అడిగి చెప్తానన్నాను 🙂

ల్యాబ్‌కోటు

ఈ పిల్లను మా ల్యాబుకు పంపించేయండి మేడమ్!

ఒమిక్రాన్ టెంప్రెస్‌ను అంత బాగా వాడుకోలేదు, సంచి దారికి మొగ్గింది, అది నిజం. హాంకాంగ్‌లో శస్త్రచికిత్సల్లో తీసిన ఊపిరితిత్తుల ముక్కల మీద పెంచి చూస్తే, శ్వాసనాళ కణజాలంలో డెల్టా కంటే వేగంగా, లోపలి ఊపిరితిత్తుల్లో నెమ్మదిగా పెరిగింది. కానీ మొగ్గడం అంటే రెండో దారి మూసుకుపోయిందని కాదు. టెంప్రెస్ తలుపు ఇంకా తెరిచే ఉంది. పెరటి తలుపుకు గడియ పెడితే మళ్లీ వీధి తలుపు చూసుకుంటుంది. కాబట్టి డిష్‌లో లెక్క కుదిరిందని మందు పనిచేస్తుందని చెప్పకండి. మొదటిసారి బోర్లాపడింది అక్కడే కదా.

జువాలజీ మేడమ్

చాలా థ్యాంక్స్. బొమ్మ మళ్లీ గీశాను, ఫొటో ఎక్కట్లేదు కాబట్టి మాటల్లో చెప్తాను, తప్పులుంటే దిద్దండి. ఎడమవైపు కణం గోడ మీద ఏసీఈ2, పక్కనే టెంప్రెస్ కత్తెర. ఒక బాణం గుమ్మంలోంచి నేరుగా లోపలికి. ఇంకో బాణం సంచిలోంచి, సంచికి ఎర్ర రంగు, ఆమ్లం అని. లోపల రైబోజోమ్, దాని కాలువలో బిరడా. మధ్యలో జంట పొరల బుడగలు. కుడివైపు కొత్త వైరస్‌లు కణం గోడ దగ్గర మొగ్గ తొడిగి, గోడను చుట్టుకుని బయటికి వెళ్లిపోవడం.

మంచుముక్క

అన్నీ బాగున్నాయి, ఆ ఆఖరి బాణం తప్ప. గోడ దగ్గర మొగ్గ తొడిగేది ఫ్లూ వైరస్. కరోనా వైరస్‌లు లోపలే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులమ్‌కీ గాల్జీకీ (ప్రొటీన్లను తయారుచేసి సర్ది పంపే పొరల అరలు) మధ్య ఉండే పొరల సంచుల్లోకి మొగ్గ తొడుగుతాయి. అక్కడే ముళ్లు, పొర, ఆర్‌ఎన్‌ఏ అన్నీ కలిసి వైరస్ పూర్తవుతుంది. తర్వాత సంచుల్లో ప్రయాణించి బయటపడుతుంది.

ల్యాబ్‌కోటు

ఆ ప్రయాణం కూడా పాఠాల్లో రాసినట్టు మామూలు స్రావాల దారిలో కాకపోవచ్చు మేడమ్. 2020 చివర్లో వచ్చిన ఒక అధ్యయనంలో, సార్స్-కోవ్-2తో పాటు ఈ కుటుంబంలోని వైరస్‌లు లైసోజోమ్‌ల ద్వారా బయటికి వెళ్తున్నట్టు చూశారు. కణం చెత్తను కరిగించే సంచులే, వాటిలోనే ఎక్కి.

జువాలజీ మేడమ్

ఫ్లూ బొమ్మ చేతికి అలవాటైపోయింది, చెరిపేశాను. కానీ లైసోజోమ్ అంటే ఎండోజోమ్ కంటే ఎక్కువ ఆమ్లం, నిండా కత్తెరలు. నేను పిల్లలకు 'ఆత్మహత్యా సంచి' అని చెప్పేది దాన్నే. అందులో కూర్చుని వైరస్ ఎలా బతుకుతుంది? ఆ అమ్మాయి రేపు కచ్చితంగా అడిగేది ఇదే.

ల్యాబ్‌కోటు

అదే అధ్యయనంలో ఆ లైసోజోమ్‌ల ఆమ్లత్వం కూడా కొలిచారు. వైరస్ సోకిన కణాల్లో తగ్గిపోయి ఉంది. లోపలి కత్తెరలు కూడా మందగించాయి.

జువాలజీ మేడమ్

అంటే క్లోరోక్విన్ చేసే పనే కదా అది! సరే, కుడివైపు సంచికి ఎరుపు తీసేసి వేరే రంగు వేస్తాను.